ఒక బాటిల్‌లో 'నో గ్రోత్' వచ్చాక మళ్ళీ నాలుగు బాటిళ్ళ రక్తం ఎందుకు?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. నాన్నగారికి 61 ఏళ్ళు, షుగర్ ఉంది, వారంగా జ్వరం. ఊళ్ళో నర్సింగ్ హోమ్‌లో వైడల్ టెస్ట్ (టైఫాయిడ్ క్రిమి మీద శరీరం తయారుచేసే యాంటీబాడీలను కొలిచే రక్త పరీక్ష) చేస్తే ఓ, హెచ్ అనే రెండు రకాలూ 1:160 వచ్చాయి. టైఫాయిడ్ అన్నారు, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మర్నాడు ఒక బాటిల్ రక్తం బ్లడ్ కల్చర్‌కి, అంటే రక్తంలో బ్యాక్టీరియా ఉంటే పెంచి చూసే పరీక్షకి పంపితే '48 గంటలకు నో గ్రోత్' (ఏమీ పెరగలేదు) అని వచ్చింది. జ్వరం తగ్గక పెద్దాసుపత్రిలో చేర్పిస్తే, అక్కడ రెండు చేతుల నుంచి నాలుగు బాటిళ్ళు తీస్తామంటున్నారు. ఒకసారి నెగెటివ్ వచ్చాక మళ్ళీ ఎందుకు, ఇదంతా బిల్లు కోసమేనా, అమ్మేమో ఉన్న రక్తమంతా లాగేస్తున్నారని ఏడుస్తోంది అని రాశారు.

తీయించండి. మీకు అన్యాయం ఏమైనా జరిగి ఉంటే అది ఈ నాలుగు బాటిళ్ళలో కాదు, ఆ మొదటి ఒక్క బాటిల్‌లో జరిగింది. నేను క్లినికల్ మైక్రోబయాలజిస్టుని, చాలా ఏళ్ళుగా నా పనే ఈ బాటిళ్ళతో. బ్లడ్ కల్చర్ ఫలితం సగానికి పైగా మా మెషిన్ దగ్గర తేలదు, పేషెంట్ చేతి దగ్గరే తేలిపోతుంది. ఎంత రక్తం తీశారు, ఎన్ని చోట్ల నుంచి తీశారు, యాంటీబయాటిక్ ముందు తీశారా తర్వాతా, చర్మం ఎలా తుడిచారు. ఇవి తెలియకుండా 'నో గ్రోత్' అన్న రెండు మాటలకు అర్థం చెప్పడం ఎవరి వల్లా కాదు.

ముందు రక్తం పరిమాణం సంగతి. రక్తంలో ఇన్ఫెక్షన్ అంటే రక్తమంతా బ్యాక్టీరియాతో కిటకిటలాడుతుందని చాలామంది అనుకుంటారు. పెద్దవాళ్ళలో అలా ఉండదు. చాలా కేసుల్లో ఒక మిల్లీలీటరు రక్తంలో పదికి లోపే ఉంటాయి. టైఫాయిడ్‌లో అయితే మిల్లీలీటరుకు ఒకటి చుట్టుపక్కల, వాటిలోనూ ఎక్కువ భాగం తెల్ల కణాల లోపల దాక్కుని ఉంటాయి. బస్తా బియ్యంలో నాలుగు రాళ్ళుంటే ఒక గుప్పెడు తీసి చూసి రాళ్ళు లేవు అనగలమా? మీ మొదటి బాటిల్‌లో ఎంత పోశారో నాకు తెలియదు కానీ, మా దగ్గరకు వచ్చే సింగిల్ బాటిళ్ళలో చాలావాటిలో మూడు, నాలుగు మిల్లీలీటర్లకు మించి ఉండదు. బాటిల్ లేబుల్ పక్కన గీతలుంటాయి. రక్తం పోయకముందు ద్రవం ఎక్కడి దాకా ఉందో గుర్తు పెట్టుకుంటే, పోశాక ఎంత పెరిగిందో ఎవరికైనా కనబడుతుంది. పెద్దవాళ్ళ బాటిల్‌కి 8 నుంచి 10 మిల్లీలీటర్లు పోయాలి.

ఒక సెట్ అంటే రెండు బాటిళ్ళు. ఒకటి ఏరోబిక్, ఆక్సిజన్ ఉంటేనే పెరిగేవాటికి. రెండోది అనరోబిక్, గాలి పడనివాటికి. రెండు సెట్లంటే నాలుగు బాటిళ్ళు, మొత్తం 40 మిల్లీలీటర్లు. రక్తదానంలో ఒకేసారి 350 మిల్లీలీటర్లు తీస్తారు, అమ్మగారికి ఆ లెక్క చెప్పండి. ఈ నాలుగు బాటిళ్ళకూ ఒక అర్థం ఉంది. 2007లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, రక్తంలో నిజంగా ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళలో మొదటి సెట్ 73 శాతం మందిలోనే పట్టింది. రెండో సెట్‌తో కలిపితే 90 శాతం దగ్గరకు, మూడో సెట్‌తో 98 శాతానికి వెళ్ళింది. అవి ఒక్కో సెట్‌కి పూర్తి 20 మిల్లీలీటర్లు తీసి చేసిన లెక్కలు. సగం నిండిన ఒక్క బాటిల్ ఎక్కడ నిలుస్తుందో మీరే ఊహించుకోండి. గుండె కవాటానికి ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే మేం మూడు సెట్లకు తగ్గనివ్వం.

పసిపిల్లల లెక్క వేరు. వాళ్ళ రక్తంలో బ్యాక్టీరియా సంఖ్య తరచు ఎక్కువగా ఉంటుంది, తీయగలిగే రక్తం తక్కువ. అందుకని బరువును బట్టి ఒకటి, రెండు మిల్లీలీటర్లు, చిన్న పీడియాట్రిక్ బాటిల్‌లో.

ఇక యాంటీబయాటిక్ సంగతి. మీ నాన్నగారికి మొదటి ఇంజెక్షన్ పడ్డాక తీశారు కదా, ఫలితం మీద దాని ప్రభావం చిన్నది కాదు. 2019లో ఉత్తర అమెరికా ఎమర్జెన్సీ విభాగాల్లో 325 మంది సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) పేషెంట్లలో, ఒకే మనిషికి మందు ఇవ్వకముందూ, ఇచ్చిన రెండు గంటల లోపూ కల్చర్ తీసి పోల్చారు. ముందు తీసినవి 31.4 శాతం పాజిటివ్, తర్వాత తీసినవి 19.4 శాతం. రెండు గంటల్లోనే అంత తేడా. మీకు ఒక రోజు గడిచింది. టైఫాయిడ్‌కైతే మందు వేయకముందు బాగా తీసినా బ్లడ్ కల్చర్ పట్టేది 60 శాతం చుట్టుపక్కలే. ఎముక మజ్జ కల్చర్ 90 శాతం దాకా పడుతుంది, మందు మొదలుపెట్టాక కూడా. కానీ ఆ సూది ఎవరూ ఊరికే పొడవరు, అంత అవసరమూ అందరికీ రాదు. కాబట్టి మీ రిపోర్ట్ 'టైఫాయిడ్ లేదు' అని చెప్పట్లేదు. నిజం చెప్పాలంటే అది ఏమీ చెప్పట్లేదు.

ఇప్పుడు మందు మీద ఉన్న మనిషికి తీస్తే మళ్ళీ అదే కాదా అంటారేమో. కొంత నిజమే. అందుకే రెండు జాగ్రత్తలు. తర్వాతి డోసు ఇవ్వబోయే ముందు తీయాలి, అప్పటికి రక్తంలో మందు మోతాదు అడుగంటి ఉంటుంది. పెద్దాసుపత్రుల్లో వాడే బాటిళ్ళలో చాలావాటిలో మందును పీల్చుకునే రెజిన్ పూసలుంటాయి, బాటిల్ అటూ ఇటూ వంచితే అడుగున ఇసకలా కదులుతూ కనబడతాయి. అన్ని మందుల మీదా ఒకేలా పనిచేయవు కానీ ఎంతో కొంత సాయం. పేషెంట్ పరిస్థితి బాగా లేకపోతే మాత్రం కల్చర్ కోసం మందు ఆపి కూర్చోకూడదు. బీపీ పడిపోతున్న మనిషికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. రక్తం తీయడానికి పట్టేది పది నిమిషాలు, రెండూ ఆ గంటలో జరిగిపోవాలి.

చలి వణుకు వచ్చినప్పుడు తీస్తేనే కల్చర్ పాజిటివ్ వస్తుందని నర్సులు జ్వరం కోసం ఎదురుచూడటం ఇప్పటికీ చూస్తుంటాను. బ్యాక్టీరియా రక్తంలోకి వచ్చిన అరగంటకో గంటకో వణుకు మొదలవుతుంది, అంటే వణికే సమయానికే ఆలస్యం. జ్వరం పీక్‌లో తీసినవాటికీ మామూలప్పుడు తీసినవాటికీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది కూడా. ఎంత రక్తం తీశారన్నదే అసలు లెక్క.

రెండు చేతుల నుంచి తీయడానికి ఇంకో కారణం ఉంది, అదే నాకు ఎక్కువ ముఖ్యం. మన చర్మం మీద ఎప్పుడూ కొన్ని బ్యాక్టీరియా ఉంటాయి. కోయాగ్యులేజ్ నెగెటివ్ స్టెఫైలోకాకస్, డిఫ్తిరాయిడ్స్, మైక్రోకాకస్, కొన్ని బాసిల్లస్ జాతులు. సూదితోపాటు అవి బాటిల్‌లోకి జారితే మెషిన్ వాటినీ పాజిటివ్‌గానే చూపిస్తుంది, దానికి తేడా తెలియదు. రెండు చేతుల నుంచి విడివిడిగా తీసినప్పుడు ఒక సెట్‌లోనే అలాంటి స్టెఫైలోకాకస్ వస్తే చర్మం మీదిది అనుకోవచ్చు, రెండు సెట్లలో అదే వస్తే ఆలోచించాలి. ఒక్క బాటిలే ఉంటే? చెప్పలేం. డాక్టరుకి ధైర్యం చాలక వాంకోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ మొదలవుతుంది, షుగర్‌తో ముందే అలసిన కిడ్నీల మీద ఇంకో భారం, ఆసుపత్రిలో ఇంకో వారం. తీసిన కల్చర్లలో ఇలాంటి కంటామినేషన్ 3 శాతం లోపు ఉండాలన్నది ల్యాబులకు చాలాకాలంగా ఉన్న కొలమానం. ఈ మధ్య 1 శాతం లక్ష్యంగా పెట్టుకోమంటున్నారు. వచ్చినదాన్ని బట్టి కూడా తేల్చాలి. స్టెఫైలోకాకస్ ఆరియస్, ఈ కోలై, క్లెబ్సియెల్లా, న్యూమోకాకస్, సాల్మొనెల్లా, క్యాండిడా ఒక్క బాటిల్‌లో వచ్చినా కొట్టిపారేయకూడదు.

మీరు పక్కనే ఉంటారు కాబట్టి ఏం గమనించవచ్చో చెబుతాను, గొడవ పెట్టుకోమని కాదు. ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మాన్ని అర నిమిషం గట్టిగా రుద్దాలి, ఇంకో అర నిమిషం ఆరనివ్వాలి. ఆరడం ముఖ్యం, తడి మీద గుచ్చితే ఫలం ఉండదు. ఆరాక నరం ఎక్కడుందో అని మళ్ళీ వేలితో తడమకూడదు. మా తలనొప్పి అంతా ఈ ఒక్క తడమడంతోనే. బాటిల్ మీది ప్లాస్టిక్ మూత ఊడదీస్తే కింద రబ్బరు కనబడుతుంది. అది స్టెరైల్ కాదు, దాన్ని కూడా స్పిరిట్‌తో తుడవాలి. మందుల కోసం ముందే నరంలో పెట్టి ఉన్న కాన్యులా నుంచి రక్తం లాగకూడదు, కొత్తగా గుచ్చాలి. మిగతా ట్యూబుల కన్నా ముందు కల్చర్ బాటిళ్ళలోనే పోయాలి. నరం సరిగా దొరక్క రక్తం తక్కువే వస్తే ఉన్నదంతా ముందు ఏరోబిక్ బాటిల్‌లోకి, ఎందుకంటే సూడోమోనాస్, క్యాండిడా లాంటివి దొరికేది అందులోనే. అలాగని 10 మిల్లీలీటర్లు దాటించి నింపడమూ వద్దు. తెల్ల కణాలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌కే మెషిన్ పొరబడి మోగుతుంది.

తీశాక ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఇది రాసి పెట్టుకోండి, చిన్న ఆసుపత్రుల్లో రాత్రి తీసిన బాటిళ్ళు తెల్లారేదాకా ఫ్రిజ్‌లో మందుల పక్కన పడి ఉండటం మామూలే. చల్లదనానికి కొన్ని చచ్చిపోతాయి. గది వాతావరణంలో ఉంచి వీలైతే రెండు గంటల్లో ల్యాబుకి చేర్చాలి. చిన్న ఊళ్ళ నుంచి కొరియర్‌లో హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్ళే బాటిళ్ళతో ఇంకో చిక్కు. దారిలోనే బ్యాక్టీరియా పెరిగి ఆగిపోతే, మెషిన్‌లో పెట్టేసరికి గుర్తించాల్సిన పెరుగుదల ముగిసిపోయి నెగెటివ్ చూపించవచ్చు. మీ మొదటి బాటిల్ ఏ దారిన పోయిందో అడిగి చూడండి.

ల్యాబులో జరిగేది ఇదీ. బాటిల్‌లో పోషక ద్రవం ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా, తెల్ల కణాలు బ్యాక్టీరియాను తినేయకుండా ఆపే ఎస్‌పీఎస్ అనే పదార్థం కూడా. మెషిన్ లోపల 35 నుంచి 37 డిగ్రీల వేడిలో బాటిళ్ళు మెల్లగా ఊగుతూ ఉంటాయి. బ్యాక్టీరియా పెరిగితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, బాటిల్ అడుగున అతికించిన సెన్సర్ దాన్ని పసిగడుతుంది. బ్యాక్ట్ అలర్ట్ అనే రకం మెషిన్ బాటిళ్ళలో అడుగు నీలం కలిసిన ఆకుపచ్చ నుంచి పసుపుకి మారుతుంది, మెషిన్ పది నిమిషాలకోసారి ఆ రంగును కొలుస్తుంది. బ్యాక్టెక్ రకంలో మెరుపు కాంతిని కొలుస్తారు. ఈ కోలై బాగా ఉంటే రాత్రి పెట్టిన బాటిల్ తెల్లవారకముందే మోగుతుంది. ఎక్కువ భాగం ఒకటి, రెండు రోజుల్లో తేలిపోతాయి. క్యాండిడా లాంటి నెమ్మదివాటి కోసం, ఆలస్యంగా లేచేవాటి కోసం ఐదు రోజులు ఉంచుతాం. 48 గంటల రిపోర్ట్ అందుకే తాత్కాలికం.

మోగిన బాటిల్ నుంచి ఒక చుక్క తీసి స్లైడ్ మీద పూసి, బ్యాక్టీరియా రకాలను వేరుచేసి చూపే గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేస్తాం. మైక్రోస్కోప్‌లో ఊదా రంగు గుండ్రటివి గుత్తులుగా ఉంటే స్టెఫైలోకాకస్, గొలుసులుగా ఉంటే స్ట్రెప్టోకాకస్ వైపు, ఎర్రటి పుల్లల్లా ఉంటే గ్రామ్ నెగెటివ్ బాసిల్లై. ఈ ఒక్క వాక్యం గంటలోపు డాక్టరుకి ఫోన్‌లో చేరాలి, కాగితం రిపోర్ట్ కోసం ఆగకూడదు. మొత్తం కల్చర్ ప్రయాణంలో పేషెంట్‌కి ఎక్కువ మేలు చేసే ఫోన్ కాల్ అదే అని నా నమ్మకం. అదే సమయంలో ప్లేట్ల మీద నాటుతాం, మర్నాటికి కాలనీలు కనబడతాయి. మాల్డీ టాఫ్ అనే, క్రిమిని గుర్తుపట్టే యంత్రం ఉన్న ల్యాబు అయితే కాలనీ పెట్టిన కొన్ని నిమిషాల్లో పేరు చెబుతుంది. మోగిన బాటిల్ నుంచే నేరుగా క్రిముల జన్యువులను వెతికే మల్టీప్లెక్స్ పీసీఆర్ ప్యానెళ్ళు గంట చుట్టుపక్కల పేరుతో పాటు ఎన్‌డీఎం, ఓఎక్స్‌ఏ-48 లాంటి, మందులకు లొంగకుండా చేసే రెసిస్టెన్స్ జన్యువులనూ చూపిస్తాయి. ఐసీయూలో ప్రాణం మీదికొచ్చిన కేసుల్లో ఆ ఖర్చుకు అర్థముంది, వార్డులో ఉన్న జ్వరానికి అంతగా లేదు. పూర్తి సెన్సిటివిటీకి, అంటే ఆ క్రిమి మీద ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి, ఇంకో రోజు పడుతుంది. మందు బిళ్ళల చుట్టూ ప్లేటు మీద ఏర్పడ్డ ఖాళీ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలిచో, ఆటోమేటెడ్ మెషిన్‌లోనో చూస్తాం.

మీ విషయంలో టైఫాయిడే వస్తే, మ్యాకాంకీ అనే రకం కల్చర్ ప్లేటు మీద రంగులేని కాలనీలు కనబడతాయి, తర్వాత సీరం పరీక్షలతో సాల్మొనెల్లా టైఫై అని తేల్చుకుంటాం. రిపోర్ట్ వచ్చాక ఒకటి చూడండి. టైఫైకి జెంటామైసిన్, అమికాసిన్ ప్లేటు మీద బాగా పనిచేస్తున్నట్టు కనబడినా మనిషిలో పనిచేయవు, అందుకని వాటిని 'సెన్సిటివ్' అని రాయకూడదన్నది నిబంధన. రాసిన ల్యాబు రిపోర్ట్‌ని కాస్త అనుమానంతో చదవండి. మన దేశంలో సిప్రోఫ్లాక్సాసిన్ టైఫాయిడ్ మీద దాదాపు చేతులెత్తేసింది, సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ ఇంకా పనిచేస్తున్నాయి. వార్తల్లో 'హైదరాబాద్‌లో మందులకు లొంగని టైఫాయిడ్' అని చదివి కంగారుపడేవాళ్ళుంటారు. 2016లో మొదలైన ఆ వ్యాప్తి పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌లోది. ఇంకోటి, సెఫ్ట్రియాక్సోన్ సరిగ్గా పనిచేస్తున్నా టైఫాయిడ్ జ్వరం దిగడానికి ఐదారు రోజులు పడుతుంది. మూడు రోజులకు తగ్గలేదని మందు పనిచేయలేదనుకోవద్దు.

వైడల్ గురించి ఒక మాట గట్టిగానే అంటాను. 1896 నాటి పరీక్ష. మన ప్రాంతంలో ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి పోయినవాళ్ళకూ, టీకా వేయించుకున్నవాళ్ళకూ, ఒక్కోసారి వేరే జ్వరాలున్నవాళ్ళకూ 1:160 రావచ్చు. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి నాలుగింతలు పెరిగిందా అని చూస్తే కొంత అర్థం ఉంటుంది. అలా రెండోసారి చేయించేవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. ఒక్క వైడల్ కాగితం మీద టైఫాయిడ్ అని ముద్ర వేసేస్తే అసలు జబ్బు వెనక దాక్కుంటుంది.

ఆ దాక్కునే వాటిలో రెండింటిని మీ డాక్టరుని అడగండి. మొదటిది స్క్రబ్ టైఫస్. చిగ్గర్ అనే చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. దాని క్రిమి కణాల లోపలే బతుకుతుంది, ఏ బ్లడ్ కల్చర్ బాటిల్‌లోనూ పెరగదు, సెఫ్ట్రియాక్సోన్‌కీ లొంగదు. చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర బట్ట బిగుసుకునే చోట, సిగరెట్ కాలినట్టు నల్లటి పక్కు ఉందేమో మీరే వెతకండి. నొప్పి ఉండదు కాబట్టి పేషెంట్‌కే తెలియదు. లేకపోయినా ఐజీఎం ఎలైజా అనే రక్త పరీక్ష చేయించాలి, వారం దాటిన జ్వరానికి ఇప్పుడు అది చూపించే దశే. డాక్సీసైక్లిన్ పడితే రెండు రోజుల్లో మనిషి లేచి కూర్చుంటాడు. ఎలుకజ్వరం కూడా ఈ బాటిళ్ళలో పెరగదు. మలేరియాకి స్మియర్ (స్లైడ్ మీద పూసిన రక్తపు చుక్క) విడిగా చూడాలి.

రెండోది మెలియాయిడోసిస్, మట్టిలో, నీళ్ళలో ఉండే ఒక బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. నాన్నగారికి షుగర్ ఉంది, పొలం పనులు, మట్టి, వాన నీళ్ళు ఉంటే దీన్ని మరిచిపోకూడదు. మన తీర ప్రాంతాల్లోనూ కేసులు నమోదయ్యాయి. ఇది కల్చర్‌లో పెరుగుతుంది, కానీ పేరు తప్పు పడుతుంది. 'సూడోమోనాస్ జాతి' అనో 'బర్ఖోల్డేరియా సెపాసియా' అనో రిపోర్ట్ వచ్చి, జెంటామైసిన్, కొలిస్టిన్ రెండూ పనిచేయక, అమాక్సిసిలిన్-క్లావులనేట్ పనిచేస్తున్నట్టు ఉంటే, మైక్రోబయాలజిస్టుతో నేరుగా మాట్లాడి ఇది బర్ఖోల్డేరియా సూడోమల్లై, అంటే మెలియాయిడోసిస్ క్రిమి, కాదు కదా అని అడగమనండి. మందు మారిపోతుంది. సెఫ్టాజిడైమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం రెండు వారాలు, ఆ తర్వాత నెలల తరబడి కోట్రైమోక్సజోల్. సెఫ్ట్రియాక్సోన్‌తో దీన్ని నెట్టుకొస్తే మనిషి దక్కకపోవచ్చు.

సీఆర్‌పీ, ప్రోకాల్సిటోనిన్ అనే రక్త పరీక్షలు చేస్తారు, చేయనివ్వండి. ఇన్ఫెక్షన్ ఎంత తీవ్రమో, మందుకి దిగుతోందో లేదో చూడటానికి పనికొస్తాయి. ఏ క్రిమో చెప్పవు.

రక్తం తీసే చోట రిక్వెస్ట్ ఫారం మీద మూడు సంగతులు రాయించండి: షుగర్ ఉందని, ఏ యాంటీబయాటిక్ ఎన్ని డోసులు పడిందని, జ్వరం ఎన్ని రోజులదని. సగం ఫారాల్లో మాకు వచ్చేది 'జ్వరం' అన్న ఒక్క మాటే. ఇంకోటి, మూడో రోజు జ్వరం తగ్గి డిశ్చార్జ్ చేసేస్తే, నాలుగో రోజు బాటిల్ మోగినప్పుడు ఆ సంగతి చెప్పడానికి వార్డులో మీరుండరు. వెళ్ళేముందు ల్యాబు కౌంటర్‌లో మీ ఫోన్ నంబర్ ఇచ్చి, ఐదో రోజు ఫైనల్ రిపోర్ట్ మీరే వెళ్ళి తెచ్చుకోండి. అందులో ఏదైనా పేరు వస్తే సెన్సిటివిటీ పట్టికతో పాటు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.